సగం దగ్గర ముల్లు

మొదలు జూసింది నేను గాదు.
బండి కింది నుంచి పోయే చీమల బారు
ఒక్క తాన తెగి, సుట్టు తిరిగి పోతుంటె
పక్కింటి కొమురవ్వ అడిగింది:
"నీ బండి రాత్రంత ఏడ్శిందా ఏంది, ఐలేశా?"

వంగి జూస్తె
ట్యాంకి కడుపు కింద ఒక సుక్క.
రాలదు, ఇంకదు.
ఊగి ఊగి, నేను రెప్ప కొట్టంగనే
పడుతది.

వారం దినాలు సబ్బు మీద నడిపిన.
బట్టల సబ్బు ముక్క బొటనేలుతోని పగులుకు అదిమి
పరకాల కెల్లి ఎనుమాముల దాక
ముప్పై ఐదు బస్తాల మిర్చి.
ఖరీదుదారు కాయ ఇరిశి ముక్కుకాడ వెట్టుకొని
"ఘాటు సరె, గీ డీజిలు వాసనేంది?" అన్నడు.
క్వింటాలుకు మూడొందలు కోశిండు.
రైతు సారంగం నా దిక్కు జూశిండు.
తిట్టలె.
తిడితె బాగుండు.
ఆ దినం కిరాయి అడగకుంట
ఉత్త బండి ఏస్కొని మర్లిన.

ములుగు రోడ్డుల అఫ్సర్ భాయ్ షెడ్డుకు బోర్డు లేదు,
ఏలాడదీసిన పాత సైలెన్సరే బోర్డు.
"వెల్డింగు గొట్టు భాయ్, ఎంతైతది?"
ఆయన తన ఎడమ కనుబొమ్మ సూపెట్టిండు.
అక్కడ ఎంటిక మొలువదు.
"నిండ ట్యాంకి గాదు, ఖాళీదే జేసింది గీ పని.
ఖాళీల ఆవిరుంటది. దానికే కోపమెక్కువ."

డీజిలు దియ్యనీకి పైపు నోట్లె వెట్టి
తనే గుంజిండు, పోరనికి ఇయ్యలె.
తుపుక్కున ఉమ్మి, మూతి తుడుసుకొని
బండి కిందికి జొచ్చిండు.
పట్టీలకు రెండు బోల్టులు.
ఒకటి కిరసనాయిలు తాగి మెత్తవడ్డది.
రెండోది మెడ ఇరగ్గొట్టుకున్నది గని
తిరగలె.

ఇన్నేండ్లు నన్ను మోసిందాన్ని
మొదటిసారి రొమ్ముకు ఆనిచ్చుకొని దించిన.
పట్టీ కింద అరచేతి మందం మట్టి:
అడుగున భూపాలపల్లి బొగ్గు నుసి,
దాని మీద మా నల్లరేగడి,
ఆ పైన ఏ ఊరిదో ఎర్రమొరం.
నేను తిరిగిన తొవ్వలన్ని
తడి ఆరకుంట అక్కడ దాసుకున్నది.
"ట్యాంకిని తిన్నది గిదే" అన్నడు అఫ్సర్ భాయ్,
గోటితోని గీకుకుంట.
బోర్లిస్తె లోపలి నుంచి
కారంపొడి లెక్క తుప్పు రాలింది.

తుక్కు దుకాణంల దొరికిన ట్యాంకి
రెండు వేల రెండొందలు.
ఊపి జూస్తె లోపల ఏదో కదిలింది,
లీటరో, లీటరున్నరో.
ఏ బండిదో, ఏ ఊరికి బయలెల్లి
యాడ ఆగిపోయిందో.
పారబోద్దామంటె పోరడు ఒప్పుకోలె.
పాత దస్తీల వడగట్టి
మళ్ల దాంట్లనే పోశిండు.

అసలు ముచ్చట ముల్లుది.
ఏడేండ్ల సంది అది సగం దగ్గరనే నిలవడ్డది.
నిండినా సగమే, ఎండినా సగమే.
ట్యాంకి మీద కొట్టి, సప్పుడిని
అందాజ మీద బతికిన.
ఎవలన్న ఎట్లున్నవంటె
నేను గూడ గదే జెప్పేటోన్ని, సగం దగ్గరున్న అని.

తాళం తిప్పిన.
ముల్లు ఉలిక్కివడి లేశింది,
సగం దాక రాలె,
వణుక్కుంట ఎర్రగీత మీద వండుకున్నది.
అఫ్సర్ భాయ్ నవ్విండు:
"ఇగ నిజం జెప్తది."

మజూరి ఇచ్చినంక జేబుల మిగిలింది ఐదొందలు.
బంకుల పోరి "ఎంత?" అన్నది.
నోటు సాపి, ముల్లు దిక్కే జూస్కుంట కూసున్న.
కదిలింది.
చీమ నడిశినంత.
ఆగింది.
ఐదొందలంటె గింతేనా అని
గా దినం తెలిసింది.