రాలేదు

కంపెనీ పటంలో మా వూరు ఒక అంకె:
నాలుగు వందల పన్నెండో కిలోమీటరు.
సరిగ్గా అక్కడ ఇంజనుకి దాహం వేస్తుందని
ఎవరో లండన్‌లో స్కేలు పెట్టి లెక్క కట్టారు.
అందుకని ఒక నీళ్ళ టాంకు, ఒక గంట,
పట్టాల వెంట జామాయిల్ మొక్కలు, లక్ష.

బొగ్గు లేని పీఠభూమి మా అంగోలా.
చెట్లే కాలాలి.
మా అమ్మమ్మ నంగోంబే, మొక్కకింతని కూలికి నాటింది
వీపున మా అమ్మ నిద్రపోతుండగా.
నీడకి కాదు, పండుకి కాదు,
ఏడేళ్ళకి నరికి ఇంజను పొయ్యిలో వేయడానికి
అన్నాట్ట మేస్త్రీ.
ఏడేళ్ళ బిడ్డని కాల్చుకు తినేదాన్ని
ఆవిడ చివరిదాకా క్షమించలేదు.
ఆ బండే ఎక్కి ఒకసారి సముద్రం చూసొచ్చింది మాత్రం.
ఉప్పగా ఉందంది,
సముద్రమో, కొనుక్కొచ్చిన ఎండుచేపో
చెప్పలేదు.

రాగి వెళ్ళేది, రాత్రీ పగలూ.
అంత రాగిలో మా ఇంట
ఒక చెంబంతైనా దిగలేదు.

తర్వాత యుద్ధం.
ఒక రాత్రి వంతెన నదిలోకి మోకరిల్లింది.
మామయ్య సచిపెంగో పాయింట్స్‌మన్.
తెల్లారి టోపీ పెట్టుకుని వెళ్ళాడు,
రిజిస్టరు తెరిచి రాశాడు: రాలేదు.
మర్నాడూ అదే.
సిరా అయిపోతే బొగ్గుముక్కతో,
పేజీలు అయిపోతే పాత పేజీల అంచుల్లో,
అంచులూ నిండితే టాంకు గోడ మీద గీతలు.
మేం నవ్వేవాళ్ళం.
ఆకలిగా ఉన్నప్పుడు నవ్వు తేలిగ్గా వస్తుంది.

చాలా తర్వాత తెలిసింది,
అక్కడ లండన్‌లోనూ ఏడాదికోసారి
ఐదారుగురు ఒక గదిలో కూర్చుని
టీ తాగి, కళ్ళజోళ్ళు తుడుచుకుని
కంపెనీ ఉందని తీర్మానించేవారట.
ఈ ఏడూ రాకపోకలు లేవు. రాబడి లేదు. పట్టా ఉంది.
ఒకే మాటని రెండు చేతులు
ఇరవయ్యారేళ్ళు రాశాయి.
ఒక చేతికే జీతం అందింది.

తొంభై తొమ్మిదేళ్ళ పట్టా తీరిన రోజు
జీపులో ఒకాయన వచ్చాడు, జాబితాతో.
టాంకు: ఒకటి, ఓటిది.
గంట: బడి వాళ్ళు పట్టుకెళ్ళారు.
పట్టాలు: గడ్డి కింద ఉన్నాయని వినికిడి.
మందుపాతరలకి జాబితాలో గడి లేదు.
మామయ్య రిజిస్టరు అప్పగించాడు.
ఆయన తిరగేసి, దీనికి రశీదు ఇవ్వడం కుదరదన్నాడు.

చెట్ల దగ్గర పెన్ను ఆగింది.
ఎన్నిసార్లు నరికినా మోడులోంచి లేచినవి,
కాల్చేది రాక,
ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావెక్కాయి.
కాగితంలో మాత్రం వంటచెరకు అనే ఉంది.
ఆయన మెడ వెనక్కి వాల్చి చూశాడు, టోపీ జారిపడింది.
జలుబు మందు వాసన వేసే ఆ గాలిలో
ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు.

"టాంకు నుంచి మూడోది మా అమ్మ నాటింది.
అదొక్కటీ రాయకండి"
అన్నాడు మామయ్య, టోపీ తీసి అందిస్తూ.

ఆయన రాయలేదు.