ముప్పై రెండు అంగుళాల అంచు

మంగళవారం రాత్రి పడ్డ పిడుగుకు
మానిటర్ పోయింది.
పొగ లేదు, వాసన లేదు.
పొద్దున నొక్కితే పచ్చబుగ్గ వెలగలేదు, అంతే.

శనివారానికి సేటుకు అట్టలు కొట్టించియ్యాలె.
కోటకొమ్ముల అంచు, నడుమ జంట హంసలు,
నాలుగువందల ఎనభై గళ్ళ వెడల్పు.
హంసలు డబ్బాలో భద్రంగానే ఉన్నయి,
బయటికొచ్చే వాకిలి లేదు.

మౌలాలి వచ్చిండు,
కేబుల్ పని ఇడిసిపెట్టి
గద్వాల పాత బస్టాండు కాడ సెల్లు రిపేరు పెట్టుకున్నోడు.
"గోడకు ఇంత టీవీ పెట్టుకోని
మానిటర్ మానిటర్ అంటవేందక్కా!"

వాడు తెచ్చిన తీగ మూడు మూరలు.
టీవీ మేకుకు, పైన.
అందుకని స్టూలు మీదికి జొన్నల డబ్బా ఎక్కింది,
జొన్నల డబ్బా మీదికి సీపీయూ,
కీబోర్డు నా ఒళ్ళోకి,
మౌసుకేమో రొట్టెల పీట.

హంసలొచ్చినయి.
ఒక్కొక్కటి పొదుగుకు కూసున్న కోడంత.
కానీ అంచు లేదు.
నాలుగు దిక్కులా రెండేసి వేళ్ళ మందం
ఎవరో కత్తెరేసుకోని పోయినట్టుంది.
కొమ్ములకు కొనలు లేవు.
ఓరన ఉన్న హంసకు ముక్కు లేదు.

టీవీకి అది అలవాటంట.
వచ్చిన బొమ్మనల్లా కొంచెం సాగదీసి
ఓరలు మింగుతదంట.
"సినిమాల ఓరన ఏముంటదక్కా,
హీరో నడిమిట్లనే ఉంటడు గదా" అన్నడు.

మరి గద్వాల చీరకు నడిమిట్ల ఏముంటది మౌలాలీ,
ఉత్త నూలు.

రిమోట్‌లో రబ్బరు అరగని బటన్ ఒకటుండె.
వాడు దాన్నే నొక్కిండు, నాలుగోసారికి
తెర ఒక్కసారి ఊపిరి వదిలినట్టు ముడుచుకుంది.
ఎర్రంచు, పైన కొమ్ములు, కొమ్ముల మీద కొనలు.
ముక్కొచ్చిన హంస నన్నే చూసింది.

అయినా, చెయ్యి కదిలినంక బాణం కదులుతుంది.
రెప్పపాటే.
కొత్తగా మగ్గమెక్కిన పిల్లకు
కాలికీ చేతికీ మధ్య ఉండేంత.

మా అత్త జములమ్మ మంచం మీద ఉంది.
ఆరేండ్లయె నేను ఈ పనికి కూసోబట్టి,
ఒక్కనాడు తొంగిచూడలె.
"దోమలంత గళ్ళు, నాకు ఆనవు" అనేది.
ఎనిమిదింటి సీరియల్ కోసమే
ఊకున్నదనుకున్న.

"పిల్లా,
రెండో హంస మెడకాడ
ఒక పోగు ఎక్కువ లేపినవు."

లేచి టీవీ దగ్గరికి పోయిన.
దగ్గర్నుంచి చుక్కలే, ఎర్రవి, నీలివి.
వెనక్కొచ్చి అత్త పక్కన కూసుంటే అప్పుడానింది.
పదకొండు ఉండాల్సిన చోట పన్నెండు.

పోయినేడు ఇదే హంస, ఇదే మెడ.
నలభై చీరలు పోయినయి.
సేటు అడగలె, కొన్నోళ్ళు అడగలె.

"నేసినోళ్ళకు తెలుసు" అన్నది.
"ఎట్ల తెలుసు?"
"నేనే ఆరు నేస్తి.
మెడకాడికి రాంగనే చేతికి తగులుతుండె.
అట్ట ఏం జెప్తే అది నేసినం."

"నాకు చెప్పకపోతివేమత్తా?"

"యాడ చెప్పేది?
గోడమూలకు మొగం పెట్టి ఉంటివి."

ఆ గడి చెరిపిన.
చెరిపినంక రెప్పపాటుకు
హంస మెడ తిన్నగయింది.
అత్త ఏమనలె. కాళ్ళు ముడుచుకోని
నాకు ఇంకింత జాగిచ్చింది.

ఎనిమిదీ పది.
"ఇంక నా సీరియల్ పెట్టు."
ఏది నొక్కితే ఏదొస్తదో తెల్వక
అన్నీ నొక్కిన.
హంసలు పోయినయి.
నిలువెత్తు పట్టుచీర కట్టుకోని ఎవరో ఆమె
ఏడుస్తుంది, మొగం నిండా.

ఇద్దరం ఆమె అంచు కోసం చూసినం.
కెమెరా భుజం దాటి దిగలె.
మౌలాలి నొక్కిన బటన్
దానికి పనిచెయ్యదు.