రూపాయల్లోనా?

మారతహళ్ళి వంతెన కింద
నిలబడి దోసె తింటూ స్టేట్‌మెంట్ తెరిచాను.
ఏ దేశంలో గీకినా పైన ఫీజు పడదని
మూడు నెలలు వెతికి ఈ కార్డు పెట్టించింది వకుళే.
నిజమే.
టిబిలిసిలో రొట్టెకీ, రోప్‌వేకీ, గంధకం వాసనేసే ఆ వేణ్ణీళ్ళ స్నానానికీ
దమ్మిడీ ఎక్కువ పట్టలేదు.

ఒక్కచోట తప్ప.

అక్కడ డబ్బు పేరు లారీ.
మొదటి రోజంతా దానికే నవ్వుకున్నాం.
ఆరో రోజు ముసురు.
రెండు గొడుగులు కొంటుంటే మిషను అడిగింది:
లారీల్లోనా, రూపాయల్లోనా?
ఆ తెర మీద మన ₹ కనబడేసరికి
పరాయి సంతలో ఎవరో
ఇంటిపేరు పెట్టి పిలిచినట్టయి
గబుక్కున నొక్కేశాను.

ఎనభై ఏడు రూపాయలు ఎక్కువ.
"ఎవరు నొక్కారిది?" అంటుంది రాత్రికి.

ఏమని చెప్పను.
ఇంకో గరిటె చట్నీ వేయించుకున్నాను.