కొరుకుడు రెక్క

ఫర్వానియాలో, మందుల షాపు మీద, రెండో అంతస్తు.
ఎక్స్‌రే గది అంటే గది కాదు,
తలుపున్న అలమారా.
ఇవాళ పదకొండో మనిషి.
సెన్సర్‌కి కొత్త ప్లాస్టిక్ తొడుగు తొడిగి
"ఇఫ్తహీ" అన్నాను. తర్వాత హిందీలో
"ముహ్ ఖోలో."

"ఆయ్" అంది.

గొంతు చూపించే "ఆ" కాదది.
గోదావరి పాయల మధ్య తప్ప
ఇంకెక్కడా పండని "ఆయ్".

ఫైల్లో ఊరు లేదు. పేరు కూడా సగమే, వీరవేణి.
పక్కన మేడమ్. చెడ్డ మనిషేం కాదు,
డబ్బు కట్టేది ఆవిడే,
నొప్పెక్కడో చెప్పేదీ ఆవిడే.
తన కుడి బుగ్గ తాకి చూపించింది.
రేడియేషన్ అన్నాను.
బ్యాగు గుండెకి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

సీసపు ఏప్రన్ కప్పుతూ "ఏ ఊరండీ?" అన్నాను.
నా నోటి వంక చూసింది,
అక్కడేదో పన్ను కొత్తగా మొలిచినట్టు.
"రాజోలు అవతలండి."

సెన్సర్ లోపలికి వెళ్ళగానే డోకు.
నాలిక కొసన చిటికెడు ఉప్పు వేశాను,
ఈ పనిలో నాకు తెలిసిన ఒకే ఒక్క వంటింటి వైద్యం.
"ఈ ముక్కని రెక్క అంటామండి, మెల్లగా కొరకండి."
"రెక్కలు ముక్కలైంది చాలక
నోట్లో కూడా ఒకటాండీ?"

గొట్టం కాస్త తిప్పాలి,
పంటికీ పంటికీ మధ్య సందు కనపడేలా.
ఒకదాని మీదొకటి పడితే
పుచ్చు దాక్కుంటుంది.
కుడి రెండు. ఎడమ రెండు.
గోడ వెనక్కి వెళ్ళి బటన్ నొక్కి వచ్చేసరికి
ప్రతిసారీ కరిచిపట్టుకునే ఉంది.
వదలమనేదాకా వదల్లేదు.

నాలుగూ బాగా వచ్చాయి.
ఎడమవైపు కింద, రెండు దవడపళ్ళ నడుమ
ఆవగింజంత నలుపు.
"ఎడమని చెప్పలేదేం?"
"కుడని ఆవిడ చెప్పేశారు గదండీ."

తలుపు తీయొచ్చు.
"ఇంకొక్కటి" అని అరబ్బీలో బయటికి కేకేశాను.
తొడుగు తీసి బుట్టలో పడేశాను. మెషిన్ ఆపాను.
"చెప్పండి" అన్నాను.
ఆవిడ కాసేపు ఆలోచించి
"మీరే ఏదోటి మాట్లాడండమ్మా, వింటాను.
ఫోన్లో కాదు గదా ఇది."

నాకేమీ తోచలేదు.
రోజంతా నేను మాట్లాడేవి నాలుగే మాటలు.
తెరవండి. కొరకండి. కదలకండి. అయిపోయింది.
అవే మళ్ళీ చెప్పాను,
మధ్యలో ఏ పనీ లేకుండా.
ఒక్కోదానికీ "ఆయ్" అంది
ఉప్పంటిన నాలికతో.
చివరిదానికి నవ్వాపుకోలేక
ఒళ్ళో సీసం కదిలింది.