పద్నాలుగో నంబరు జాగా

నిజాంపేటలో మా సెల్లారు
పగలంతా ఖాళీ గడుల పలక.
కార్లు ఆఫీసులకు పోయాక మిగిలేవి
నూనె మరకలు, పసుపు పెయింటు నంబర్లు,
మెట్ల కింది గదిలో వాచ్‌మన్ ఆశప్ప కుటుంబం.

పద్నాలుగో నంబరు కారు ఏడున్నరకు గానీ రాదు.
అప్పటిదాకా ఆ జాగా మాది.
నాదీ, ఆశప్ప కూతురు శివలీలదీ.
ఒక చాప, ఒక పుస్తకం, దోమలకు ఒక బత్తి.

తొలిరోజు గడగడా చదివింది.
కామా దగ్గర ఆగింది,
ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి తీసుకుంది.
నాలుగో తరగతికి ఇంకేం కావాలి అనుకున్నాను.
వంగి చూస్తే
పుస్తకం వేరే పేజీలో తెరిచి ఉంది.

యాభై ఇద్దరి తరగతిలో
మూడేళ్లుగా నేర్చుకున్న విద్య అది:
పక్కపిల్ల పేజీ తిప్పితే తిప్పడం,
అందరి గొంతులో పెదాలు కలపడం,
టీచరు చూపు తన వరస దాకా వచ్చేసరికి
పెన్సిలు కింద పడేసుకోవడం.
చదవడం కన్నా కష్టమైన పని.
ఎంత తెలివి కావాలి దానికి!

ఇక్కడ దాక్కోడానికి ఇంకో గొంతు లేదు.
నవ్వడానికీ ఎవరూ లేరు.
ఆ రెండో సంగతి నమ్మడానికి
ఆమెకు నెల పట్టింది.

నేను టీచర్ని కాను.
డయాగ్నస్టిక్ సెంటర్లో
నెత్తురు నమూనాలకు చీటీలు అంటిస్తాను.
ఒక ట్యూబు, ఒక పేరు.
రెండు కలిస్తే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది.
ఒక పిల్ల, ఒక అక్షరం.
నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మ అంటే య అనేది.
ఒత్తు కనిపిస్తే
గుంతను తప్పించే ఆటోలా పక్కనుంచి పోయేది.
అమ్మ అమ అయ్యేది, అక్క అక అయ్యేది.
నేనేమీ అనను, వేలు అక్కడే ఆపుతాను.
సరిగ్గా చదివితే "కరెక్ట్" అంటాను, అంతే.

వెనక్కి నడిచిన రోజులూ ఉన్నాయి.
జ్వరంతో వారం పడుకుని లేస్తే
నేర్చుకున్న కొమ్ములన్నీ రాలిపోయాయి.
ఒకసారి విసుక్కున్నాను కూడా.
పెన్సిలు కింద పడింది.
నేనే తీసి ఇచ్చాను.

బోనాల సెలవు నాడు
గేటు మీది బోర్డు ముందు నిలబడి
వా... హ... న... ము... లు
ని... లు... ప... రా... దు
రెండుసార్లు గొణిగి, గిర్రున తిరిగి
"బండ్లు పెట్టొద్దని మా నాయిన రోజూ ఒర్రేది గిదేనా!"
అంది.
ఆ బోర్డు పక్కనే ఆరేళ్లు పెరిగిన పిల్ల.
ఆశప్ప కుర్చీలోంచి లేచి అటు చూశాడు,
తన నోటి మాటను
తనకంటే ముందే ఎవరో రాసి పెట్టినట్టు.

ఇక ఆపడం ఎవరి తరం?
పాల ప్యాకెట్టు, నీళ్ల ట్యాంకరు, కరెంటు బిల్లు.
"అద్దెకు ఇవ్వబడును" చదివి
ఇట్ల ఎవరు మాట్లాడతరు అని పడీపడీ నవ్వింది.

నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర ఆగింది.
తలుపు పక్కన ఎర్ర పెయింటు, చేతి వెడల్పంత.
ఎనిమిదేళ్లుగా నేను ఎక్కి దిగుతున్న లిఫ్టు.
ప... ని... వా...
ళ దగ్గర ఆగి, కిందికి చూసింది.
ఒత్తు.
తప్పించుకుని పోలేదు.
ళ్లు!
పనివాళ్లు లిఫ్టు వాడరాదు.

మొహం వెలిగిపోతోంది.
నా నోటి వంకే చూస్తోంది, ఆ ఒక్క మాట కోసం.
తర్వాత తనే, మెల్లగా,
చదివినదాన్ని తన భాషలోకి తెచ్చుకుంది:
"పనోళ్లంటే... మేమే గదా మేడం?"

పద్నాలుగో నంబరు కారు లోపలికి తిరిగింది.
హెడ్‌లైట్లు గోడ మీది ఎర్ర అక్షరాలను
ఇటు నుంచి అటు తడిమి ఆరిపోయాయి.
చాప చుట్టాలి.
వేలు ఎక్కడ ఆపను?
పిల్ల ఒక్క అక్షరం తప్పు చదవలేదు.