కవరు మీది పేరు

మా కంపెనీ పేరుకి ముందు ఏం రాసినా,
తప్పుగా రాసినా, మానేసినవాడికి రాసినా
ఏ మెయిలూ వెనక్కి పోకూడదన్నారు యజమాని.
"ఒక్క బేరం పోతే నువ్విస్తావా?"
సరేనని, అన్నీ ఒకే పెట్టెలో పడేట్టు
పోయిన వేసవిలో నేనే అమర్చాను.
గోడకి అటు మిరపకాయల కోల్డ్ స్టోరేజి,
ఇటు నా సర్వరు.
గుంటూరు మొత్తానికి చల్లగా ఉన్నది మేమిద్దరమే.

పడ్డాయి, రోజుకి నాలుగొందలు.

వాటిలో ఒకటి:
"అన్నా, తేజ రకం యాభై రెండు బస్తాలు
నీ మాట మీదే ఆపాను.
అమ్మనా, ఉంచనా? ఇవాళే చెప్పు."

ఎవరన్నా?
మా ఆఫీసులో అన్నలు పదకొండు మంది.
'ఎవరికి' అన్నచోట ఖాళీ.
కవరు మీద పేరు ఉండే ఉంటుంది,
లేకపోతే మా గుమ్మందాకా ఎలా వస్తుంది?
ఆ కవరుని చింపి బుట్టలో వేసి
లోపలి కాగితం మాత్రం మర్యాదగా
నా చేతికిచ్చింది నేను అమర్చిన యంత్రమే.

మూడు రోజులు బల్లబల్లకీ తిరిగాను.
నాలుగో రోజు యార్డులో ధర జారింది.

టీ కొట్టు దగ్గర హమాలీ మస్తాన్‌వలి అన్నాడు:
"మూతి కుట్టగానే రైతు మార్కు వేస్తాం సారూ.
గోతాం చిరిగి వేరేదాంట్లో పోస్తే
పాత మార్కు చూసి మళ్లీ వేస్తాం.
అది చెరిగిందా,
ఇక అవి ఉత్త మిరపకాయలే. ఎవరివీ కావు."

ఆ రాత్రి ఇంటికి పోలేదు.
పెట్టెలో పడకముందే
కవరు మీది పేరుని మెయిలు తలకట్టులో
ఒక వరసగా కుట్టమని రాశాను.
దిద్దొద్దు.
అక్షరం తప్పితే తప్పినట్టే ఉంచు.

పరీక్షకి ఒకటి పంపాను,
మా ఏ జాబితాలోనూ లేని పేరుకి: మస్తాన్‌వలి.
రెండుంపావుకి వచ్చింది,
పేరు చెక్కుచెదరకుండా.

పొద్దున మళ్లీ ఆ రైతే.
"అమ్మేశాన్లే అన్నా."
కింద, కొత్త వరసలో, ఒక అక్షరం తక్కువగా
జక్రయ్య.
నిరుడే మానేసిన గుమాస్తా.

నంబరు వెతికి ఫోన్ చేసి చదివి వినిపించాను.
ధర గురించి అడగలేదాయన.
"నా పేరుకేనా రాసింది?" అన్నాడు.
కాసేపాగి మళ్లీ,
"నా పేరుకేనా?"