రాయని డెబ్బై ఏడు

తెల్లారడానికింకా గంటన్నర ఉంది.
ఫిషింగ్ హార్బరులో లైట్లన్నీ నీళ్ళలో తలకిందులు.
ఐసు పెట్టె చుట్టూ మా నాన్న మాసేను, ఇంకో ఐదుగురు.
వేటకి కాదు, వాటాకి తగువు.

ఎర్ర బోటు ఓనరు కలాసీలకి ఏడింట మూడిస్తానన్నాడు,
కొత్తగా దిగిన నీలం బోటాయన పదకొండింట ఐదు.
"మూడుకన్నా ఐదు పెద్దది కాదేటి?" అన్నాడు గురప్పడు.
"ముక్కలు ఎక్కువైతే ముక్క సన్నమైపోద్ది కదరా" అన్నాడు ఎల్లాజీ.
ఇద్దరూ నిజమే చెప్పారు,
అదే చిక్కు.

నేనప్పుడు ఏడో తరగతి.
బొగ్గు ముక్కతో పెట్టె మూత మీద రాశాను
మూడు కింద ఏడు,
ఐదు కింద పదకొండు.
మూడు నుంచి పదకొండుకి ఒక గీత వాలింది,
ఐదు నుంచి ఏడుకి ఇంకొకటి,
రెండూ నడిమధ్యన ఒకదాన్నొకటి దాటుకున్నాయి,
పడవ పక్కన పడవ ఒరుసుకోకుండా పోయినట్టు.

ముప్పై మూడు.
ముప్పై ఐదు.
"నీలం బోటే" అన్నాను.

"రెండంటే రెండు! దానికింత గీతా గుంటా?" నాన్న నవ్వాడు.
పక్కన గంప కడుగుతున్న అమ్మ మాత్రం
తలెత్తకుండా అడిగింది:
"దేన్లో రెండే?"

నాకు రాలేదు.

ఇప్పుడు మద్దిలపాలెం కార్పొరేషన్ బడిలో
అదే అడ్డ గుణకారం ఏటా చెబుతున్నాను.
అమ్మా, డెబ్బై ఏడులో రెండు.
ఏడుని పదకొండుతో, పదకొండుని ఏడుతో హెచ్చిస్తే
రెంటి కిందా అదే డెబ్బై ఏడు వస్తుంది,
ఇద్దరికీ సమానమే కదా అని
దాన్ని ఎవరూ రాయరు.
పైవాటినే పోల్చి లేచిపోతారు.

ఇది సగం జవాబు.
నీలం బోటు ఆ నెలంతా డీజిలు అప్పు తీరక
జెట్టీకే కట్టి ఉంది.
సున్నాలో పదకొండింట ఐదు ఎంతో
మా ఇంట్లో బొగ్గు ముట్టకుండానే తేలిపోయింది.

అనుపాతం పాఠం వచ్చిన రోజు
నాకు మళ్ళీ ఉప్పు గుర్తొస్తుంది.
ముప్పై కిలోల సావళ్ళకి ఎనిమిది కిలోలుప్పు,
నలభై ఐదుకి ఎంత?
అంత్యాల లబ్ధం మధ్యమాల లబ్ధం,
ముప్పై ఎక్స్ ఈజీక్వల్టు మూడు వందల అరవై,
ఎక్స్ పన్నెండు.
ఇసుకలో వేలితో రాసి చూపించాను.
అమ్మ పద్నాలుగు వేసింది.

"తప్పమ్మా, పన్నెండే!"
"గాలి సూడు, తూరుపు నుంచి నెమ్ము లాగతంది.
నీ లెక్కలో గాలి ఏ మూల రాసేవు?"

అందుకే బోర్డు మీద ఎక్స్ విలువ తేలాక
ఒక నిమిషం డస్టర్ పట్టుకోను.
"మిగతావన్నీ మారకుండా ఉంటే" అని
చిన్న అక్షరాలతో పక్కన రాస్తాను.
ఆ ముక్క పరీక్షకి రాదు.

నిన్న పైడితల్లి అనే పిల్ల,
వాళ్ళమ్మ పూర్ణామార్కెట్లో ఎండుచేపలమ్ముతుంది,
ఆ వాక్యాన్నే నోటుబుక్కులో ఎక్కించుకుని
దాని కింద రెండుసార్లు గీత కొట్టి
"టీచర్, ఇవాళ గాలి ఎటుందో రాయొద్దా?" అంది.

కిటికీ తెరిచి చూశాం.